ఆపరేషన్ అయినంక బాపు రాత్రిపూట ఏదేదో మాట్లాడుతున్నడు, చేతులు కట్టేసిన్రు, ఇది మామూలేనా?

జగిత్యాల_పోరడు:
అందరికీ నమస్తే. మా బాపుకి 74 ఏళ్లు, ఆర్టీసీల కండక్టర్ చేసి రిటైర్ అయిండు. ఆదివారం బాత్రూంల జారిపడి తుంటి విరిగింది, మంగళవారం హైదరాబాద్‌ల ఒక ప్రైవేట్ హాస్పిటల్‌ల బాల్ మార్చిన్రు. ఆపరేషన్ మంచిగనే అయింది, తెల్లారే వాకర్ పట్టించి నాలుగడుగులు వేయించిన్రు, పగలంత బాగానే మాట్లాడిండు, చాయ్ అడిగి తాగిండు. రాత్రి పది దాటినంక మొదలైంది. నన్ను గుర్తుపట్టలే. పక్క బెడ్డాయనను పాస్ చూపియ్యమన్నడు, సీలింగ్ మీద పురుగులు పాకుతున్నయన్నడు, సెలైన్ సూది పీకేసుకుంటే బెడ్‌షీట్ అంత రక్తం. నైట్ సిస్టర్ వచ్చి ఒక్క మాట మాట్లాడకుంట రెండు చేతులు బ్యాండేజ్ గుడ్డతోని మంచం రాడ్‌కి కట్టి పోయింది. ఆయన నా మొహం చూసి "నేనేం తప్పు చేసిన సారూ" అన్నడు. ఆ మాట చెవుల్నుంచి పోతలేదు.
బాపుకి మైండ్ పోయినట్టేనా? కట్టేసుడు కరెక్టేనా? లొల్లి పెట్టుకుంటే రేపటి నుంచి సరిగ్గ చూడరేమో అని ఇంకో భయం. తెలిసినోళ్లు చెప్పండి ప్లీజ్.

హైదరాబాదీ_బ్రో:
వీడియో తీసి పెట్టు బ్రో, మేనేజ్‌మెంట్ పరిగెత్తుకుంట వస్తది. లక్షలు తీసుకుంటరు, మనిషిని పశువును కట్టేసినట్టు కట్టేస్తరు.

ఆర్థోవార్డ్_సిస్టర్:
వీడియోలు తర్వాత తీసుకోవచ్చు అన్నయ్యా, ముందు నాన్నగారి సంగతి చూద్దాం. నేను గుంటూరు వైపు ఆర్థో వార్డులో పదకొండేళ్లుగా స్టాఫ్ నర్సుని. మైండ్ పోవడం కాదు ఇది, దీన్ని డెలీరియం అంటారు, అంటే ఉన్నట్టుండి వచ్చే తాత్కాలిక అయోమయం, తుంటి ఆపరేషన్ అయిన పెద్దవాళ్లలో మేం చాలా తరచుగా చూస్తాం, పగలు బాగుండి రాత్రి ఎక్కువవడం దీని లక్షణమే. ఎక్కువమందికి కొన్ని రోజుల్లో తగ్గుతుంది, కొందరికి వారాలు పడుతుంది. కానీ మామూలేలే అని వదిలెయ్యకూడదు, వెనక కారణం ఉంటుంది. యూరిన్ వస్తోందా, మోషన్ అయ్యిందా, రక్తంలో సోడియం (ఉప్పు) ఎంతుందో చూశారా, ఆక్సిజన్ ఎంతుంది, నొప్పికి ఏం ఇస్తున్నారు, ఇన్ఫెక్షన్ ఏమన్నా ఉందా, ఇవన్నీ పొద్దున రౌండ్స్‌లో డాక్టర్ గారిని అడగండి. ఇంకోటి, మందు తాగే అలవాటుంటే దాచకుండా చెప్పేయండి, పరువు గురించి చూడొద్దు, అది ఒక్కసారిగా మానేసినా ఇలాగే అవుతుంది, దాని ట్రీట్‌మెంట్ వేరు.
కళ్లజోడు ఎక్కడుంది? నవ్వకండి, థియేటర్‌కి తీసుకెళ్లేముందు కళ్లజోడు, కట్టుడు పళ్లు, చెవి మిషన్ తీసి ఒక క్యారీబ్యాగ్‌లో వేసి పేషెంట్ ఇంట్లోవాళ్ల చేతికిస్తాం, అది బీరువాలో అలాగే పడుంటుంది. సరిగ్గా కనపడక, వినపడక, లైటు ఆరని గదిలో ఎవరో ముసుగేసుకొచ్చి చెయ్యి పట్టుకుంటే మనమైనా లాక్కుంటాం కదా! జోడు పెట్టండి, కనపడేచోట గడియారం పెట్టండి, రోజూ వినే గొంతు ఒక్కటి దగ్గరుండాలి, పదిమంది వద్దు. వాదించకండి, ఎక్కడున్నారో మెల్లగా చెప్పండి, వినకపోతే కాసేపాగి మళ్లీ చెప్పండి.
కట్టడం గురించి. అది ఆఖరి దారి, డాక్టర్ రాయాలి, ఇంట్లోవాళ్లకి చెప్పాలి, చేతులు వాచాయేమో మళ్లీ మళ్లీ చూడాలి. కడితే చాలామంది ఇంకా రెచ్చిపోతారు. నేనూ కట్టానండీ, కొత్తలో, ముప్ఫై మంది పేషెంట్లకి ఇద్దరమే ఉన్న రాత్రి. ఆ పెద్దాయన తెల్లారి నాకు దణ్ణం పెట్టి విప్పమన్నాడు. అందుకే సిస్టర్‌తో గొడవ పడకుండా "నేను రాత్రంతా పక్కనే కూర్చుంటా, విప్పండి" అని అడగండి, చాలామంది విప్పుతారు.

విశాఖ_అమ్మాయి:
సిస్టర్ గారు చెప్పినదానికి ఒకటి కలుపుతున్నా. మా అమ్మకి ఆపరేషన్ తర్వాత దీనికి పూర్తి రివర్స్. గొడవ లేదు, కేక లేదు, రోజంతా పడుకునే ఉండేది, మేమేమో రెస్ట్ తీసుకుంటోంది పాపం అని మురిసిపోయాం. తేడా పట్టుకున్నది ఒక మలయాళీ సిస్టర్, తెలుగు కూడా సరిగ్గా రాదు తనకి. రోజూ అమ్మకి జడ వేసేది. "నిన్న జడేస్తుంటే నాకు పెళ్లయిందా అని అడిగింది, ఈరోజు అడగలేదు" అని డాక్టర్‌ని పిలిచింది. చూస్తే సోడియం బాగా పడిపోయింది. అరిచేవాళ్లని అందరూ చూస్తారు, ఊరికే పడుకున్నవాళ్లని కూడా చూడండి. ఇంకోటి, పప్పు పెడితే కుట్లు చీము పడతాయని మా పిన్ని నాలుగు రోజులు ఉత్త చారన్నమే పెట్టించింది, అలాంటివి వినకండి, గాయం మానాలంటే పప్పూ గుడ్డూ కావాలి.

జగిత్యాల_పోరడు:
అందరికీ థాంక్స్, సిస్టరక్కా నీకు స్పెషల్‌గ. కళ్లజోడు నిజంగనే కవర్ల ఉంది, బీరువా కింది అరల!! డాక్టర్‌కి అన్నీ చెప్పిన. పైపు తీసినంక బాపుకి యూరిన్ సరిగ్గ వస్తలేదంట, ఎవరు చూసుకోలే, మళ్లీ పైపు పెడితే సంచి సగం పైన నిండింది. కడుపుబ్బి చెప్పుకోలేక అట్ల చేసిండేమో.
నిన్న రాత్రి వేరే సిస్టర్ డ్యూటీ. పదకొండింటికి బాపు మళ్ల లేవబోయిండు, బస్సు ఆపుమని. ఆమె మంచం పక్కన స్టూల్ ఏసుకొని, ఇది హాస్పిటల్, మీకు కాలు ఆపరేషన్ అయింది, దిగొద్దు అని రెండుసార్లు చెప్పింది. వినలే. "ఎస్సార్ ఏది, లెక్క రాయాలె" అంటున్నడు (టికెట్ల లెక్క రాసే కాయితం అది, తెల్వనోళ్లకి). ఆమె ఇగ వాదించలే, "డ్యూటీ అయిపోయింది కండక్టర్ గారూ, పొద్దున రాద్దురు" అని ఒక ఖాళీ చార్ట్ కాయితం చేతిల పెట్టింది. బాపు జోడు సర్దుకొని దాన్ని పైనుంచి కింది దాక చూసిండు, నాలుగు మడతలు పెట్టి దిండు కింద దాచుకొని పడుకున్నడు. చేతులు కట్టలే.
పొద్దున నన్ను పేరు పెట్టి పిలిచిండు. ఇంట్ల ఇండియన్ టాయిలెట్ ఉంది, శనివారం డిశ్చార్జ్ అంటున్నరు, కమోడ్ కుర్చీ కొంటే సరిపోతదా అక్కా?

ఆర్థోవార్డ్_సిస్టర్:
సరిపోతుంది, ఎత్తుగా ఉన్నది చూసి తీసుకోండి. గొంతుక్కూర్చోవడం, కాలు మీద కాలు వేసుకోవడం డాక్టర్ సరే అనేదాకా వద్దు. పడుకున్నప్పుడు కాళ్ల మధ్య దిండు. ఆ కాయితం కూడా ఇంటికి తీసుకెళ్లండి, మళ్లీ అడిగినా అడుగుతారు.