ల్యాప్‌టాప్ ఊళ్ళో కొనుక్కుని రావాలా, వచ్చాక కొనుక్కోవాలా?

ప్రశ్న, ఖమ్మం నుంచి

అన్నలకు, అక్కలకు నమస్కారం. ఆగస్టు రెండో వారంలో టెక్సస్‌లోని ఆర్లింగ్టన్ వస్తున్నాను. బీటెక్ సివిల్ చేశాను, ఇప్పుడు కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్‌లో ఎంఎస్. వీసా అయింది, టికెట్ అయింది, ఇంట్లో ల్యాప్‌టాప్ గొడవ ఒక్కటి మిగిలింది. న్యూజెర్సీలో ఉన్న మేనమామ మ్యాక్‌బుక్ కొనుక్కో, మళ్ళీ చూసుకోనక్కర్లేదు అంటాడు. నాన్నేమో సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి పోయి ఇక్కడే కొనిపెడతానంటున్నారు, దిగగానే డాలర్లు ఖర్చెందుకని. సీనియర్ ఒకాయన నవంబరు దాకా ఓపిక పట్టు, బ్లాక్ ఫ్రైడే సేల్‌కి సగం ధరకే వస్తాయంటున్నాడు. నా దగ్గర బీటెక్‌లో కొన్నది ఉంది. ఐ5 పదకొండో తరం, 8 జీబీ ర్యామ్, బ్యాటరీ గంటన్నర కూడా ఆగదు. ఏం చెయ్యమంటారు?

జవాబు, ఇర్వింగ్ నుంచి

తమ్ముడూ, ముగ్గురూ నీ మంచి కోరే చెప్పారు. కానీ ఏ సాఫ్ట్‌వేర్ మీద పని చెయ్యబోతున్నావని ఒక్కరూ అడిగినట్టు లేదు.

ముందు మామయ్య సంగతి. మ్యాక్ మంచి మెషీనే, మా ఇంట్లో అదే ఉంది. అయితే నీ కోర్సులో చేతికొచ్చే సాఫ్ట్‌వేర్లు ఇవి: బిల్డింగుల త్రీడీ మోడళ్ళకి రెవిట్, నేవిస్‌వర్క్స్, పనుల షెడ్యూళ్ళకి ప్రైమవేరా, మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్, ప్లాన్ల పీడీఎఫ్‌లకి బ్లూబీమ్. స్ట్రక్చర్స్ సబ్జెక్టు ఏదైనా తీసుకుంటే బిల్డింగు బలం లెక్కలు కట్టే ఈట్యాబ్స్ కూడా. రెవిట్, నేవిస్‌వర్క్స్, ఈట్యాబ్స్ విండోస్ మీద తప్ప నడవవు. ఆటోక్యాడ్‌కి మ్యాక్ వెర్షన్ ఉంది కదా అని మిగతావాటికీ ఉంటుందనుకుని మోసపోయినవాళ్ళు ప్రతి బ్యాచ్‌లో ఇద్దరైనా ఉంటారు. పాత ఇంటెల్ మ్యాక్‌లలో బూట్ క్యాంప్ పెట్టి విండోస్ ఎక్కించుకునేవాళ్ళం. 2020 చివర్లో మొదలైన, ఆపిల్ సొంత ఎం-చిప్ ఉన్న మ్యాక్‌లలో ఆ దారి మూసుకుపోయింది. మ్యాక్ లోపలే విండోస్ నడిపే ప్యారలల్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో రెవిట్ తెరుచుకున్నా, రెవిట్ తయారుచేసే ఆటోడెస్క్ దానికి పూచీ పడదు. సబ్మిషన్ రాత్రి పదకొండింటికి ఫైలు మొరాయిస్తే నువ్వూ నీ అదృష్టమూ. స్నాప్‌డ్రాగన్ చిప్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌లకీ ఇదే మాట. బ్యాటరీ రోజంతా వస్తుంది నిజమే, నీ కోర్సుకి మాత్రం వద్దు. ఇంటెల్ గానీ ఏఎమ్‌డీ గానీ చూసుకో.

ర్యామ్ దగ్గర పీనాసితనం చెయ్యకు. రెవిట్ కొత్త వెర్షన్లకి ఆటోడెస్క్ చెప్పే కనీసమే 16 జీబీ. కాస్త పెద్ద మోడల్ తెరవాలంటే 32 కావాలి. ఇప్పుడొచ్చే సన్నటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికించేసి ఉంటుంది, తర్వాత పెంచుకోవడం కుదరదు. అందుకని కొనకముందే ఖాళీ స్లాట్ ఉందా లేదా చూడు. గ్రాఫిక్స్ కార్డు ఓ మోస్తరుది చాలు.

బరువు గురించి రెండు ముక్కలు, ఇది నా అనుభవం. నేను హైదరాబాద్‌లో ఒక షాపువాడి మాట నమ్మి గేమింగ్ ల్యాప్‌టాప్ తెచ్చుకున్నాను. రెండున్నర కిలోలు, ఇటుకంత చార్జర్ అదనం. ఇక్కడ కారు కొనేదాకా బస్సూ నడకే గతి, అదీ టెక్సస్ ఎండలో. మొదటి సెమిస్టరు సగంలో దాన్ని గదిలోనే వదిలేసి లైబ్రరీ కంప్యూటర్ల దగ్గర కూర్చోవడం మొదలెట్టాను. ఎనిమిదో నెలలో తెరని పట్టి ఉంచే కీలు (హింజ్) విరిగింది. వారంటీ ఇండియాలోనే చెల్లుతుందన్నారు. బిల్లు వెనక చిన్నక్షరాల్లో ఉందట, నేను చూసుకోలేదు.

ఇక ఎప్పుడు కొనాలి. నా మాట వింటే ఇప్పుడు కొనకు, నవంబరు దాకానూ ఆగకు. నీ దగ్గరున్నదే తెచ్చుకో. పదకొండో తరం కాబట్టి విండోస్ 11 నడుస్తుంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14న సపోర్టు ఆపేసింది గనక అది ముఖ్యం. ఆగస్టు చివర్లో క్లాసులు మొదలైతే మొదటి రెండు మూడు వారాలు సిలబస్, పరిచయాలు, పీడీఎఫ్‌లు చదవడంతోనే గడిచిపోతాయి. ఆలోగా ఏ సబ్జెక్టులో ఏ సాఫ్ట్‌వేరో తేలుతుంది, డిపార్టుమెంటు ల్యాబులో ఏముందో, ఇంటి నుంచి ల్యాబు కంప్యూటర్లలోకి లాగిన్ అవ్వొచ్చో లేదో తెలుస్తుంది. సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డే. దాని చుట్టుపక్కల స్టూడెంట్ ఆఫర్లు ఇంకా నడుస్తుంటాయి. అప్పుడు కొను.

నాన్నగారిని సీటీసీకి తప్పకుండా పంపు, కానీ కొత్తది కొనడానికి కాదు. పాతదానికి కంపెనీ బ్యాటరీ వేయించమను, స్లాట్ ఖాళీగా ఉంటే ఇంకో 8 జీబీ పెట్టించమను. బ్యాటరీ మార్చే కూలి ఇక్కడ వింటే కళ్ళు తిరుగుతాయి. ఆయనకీ ఏదో చేసిపెట్టాననే తృప్తి ఉంటుంది.

బ్లాక్ ఫ్రైడే కథ పాతది. సగం ధరకి పెట్టేవి ఎక్కువగా 8 జీబీ ర్యామ్ ఉన్న నాసి మోడళ్ళు, నీకు పనికొచ్చేవి కావు. పైగా 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లు మొత్తం లాగేసుకుంటున్నాయి. క్రూషియల్ పేరుతో మామూలు జనానికి ర్యామ్ అమ్మే మైక్రాన్ కంపెనీ ఆ వ్యాపారమే వదిలేస్తున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. ఆగితే తగ్గుతుందనే లెక్క ఈ పరిస్థితిలో పనిచెయ్యదు.

టాక్స్ కూడా లెక్కలో వేసుకో. ఆర్లింగ్టన్‌లో 8.25 శాతం, అంటే వెయ్యి డాలర్ల ల్యాప్‌టాప్‌కి ఎనభై రెండున్నర డాలర్లు పైన. ఆగస్టులో టెక్సస్‌లో టాక్స్ లేని వారాంతం ఒకటి వస్తుంది, బట్టలకీ స్కూలు బ్యాగులకీ తప్ప కంప్యూటర్లకి వర్తించదు. ఫ్లోరిడా, మిస్సోరిలో 1500 డాలర్ల దాకా కంప్యూటర్లకీ ఇస్తారు. అక్కడి స్నేహితులు ఫోన్ చేసి గొప్పలు చెప్తే ఉడుక్కోకు.

జవాబు, డెంటన్ నుంచి

అన్న చెప్పినదాంట్లో ఒక్కటి తప్ప అన్నీ ఒప్పుకుంటాను. మూడు వారాలు ఆగొచ్చు, కానీ మొదటి గ్రూప్ ప్రాజెక్టు చేతికొచ్చాక ఒక్క రోజు కూడా ఆగకు తమ్ముడూ. టీములో ఒక్కడి మెషీన్ మెల్లగా ఉంటే మిగతా ముగ్గురూ మొహమాటానికి ఏమీ అనరు, పని మాత్రం నీకివ్వడం మానేస్తారు. నాకు జరిగింది.

ఇంకోటి. డబ్బు మిగుల్తుందని సెకండ్‌హ్యాండ్ వైపు పోతావేమో, నేను పోయాను. ప్రకటన చూసి, పార్కింగ్ లాట్‌లో నాలుగొందల డాలర్లు నగదు చేతిలో పెట్టి తెచ్చుకున్నాను. చక్కగా పనిచేసింది. వారం తర్వాత శుభ్రంగా ఉంటుందని రీసెట్ కొట్టాను. తెర మీద ఏదో కంపెనీ పేరు, మీ ఉద్యోగి లాగిన్ ఇవ్వండి అని. ఆఫీసువాళ్ళది తిరిగివ్వకుండా అమ్ముకున్నాడన్నమాట. అమ్మినవాడి నంబరు అప్పటికే మూగబోయింది. కొనాల్సే వస్తే డబ్బివ్వకముందే అక్కడే రీసెట్ చేయించు, ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి కొత్త అకౌంట్ దాకా వెళ్తుందో లేదో చూడు. అమ్మేవాడు తొందరపెడితే నమస్కారం పెట్టి వచ్చెయ్.

దానికన్నా మెంబర్‌షిప్ కార్డుంటేనే కొననిచ్చే పెద్ద స్టోరు కాస్ట్‌కో నయం. కార్డున్న అన్నో అక్కో ఎవరినైనా వెంటబెట్టుకుని వెళ్ళు. కంప్యూటర్లకి తొంభై రోజుల రిటర్న్, వారంటీ రెండో ఏడాదికి వాళ్ళే పొడిగిస్తారు. ఎలక్ట్రానిక్స్ షాపు బెస్ట్ బైలో మామూలుగా పదిహేను రోజులే, కాకపోతే ఓపెన్ బాక్స్ అని ఎవరో తెరిచి తిరిగిచ్చినవి తక్కువకి దొరుకుతాయి.

జవాబు, కాన్సస్ సిటీ నుంచి

ఊళ్ళో కొనడాన్ని అంత తేలిగ్గా కొట్టెయ్యకండి. తమ్ముడిది ఎడ్యుకేషన్ లోన్ అయితే, కోర్సుకి కావాలంటే కంప్యూటర్ ఖర్చు కూడా చాలా బ్యాంకులు అందులో కలుపుతాయి. చదువయ్యాక కట్టుకునేది కాబట్టి దిగిన నెలలో చేతిలో ఉన్న డాలర్లు అద్దెకీ డిపాజిట్‌కీ మిగుల్తాయి. నేను అలాగే చేశాను, బాధపడలేదు. మేనేజర్‌ని అడుగు, బిల్లు నీ పేరున తీసుకో.

ఇర్వింగ్ నుంచి మళ్ళీ

ఇది నేను మర్చిపోయాను, మంచి మాట. లోన్‌లో కలిస్తే ఊళ్ళోనే కొను. షరతు ఒకటే. కట్టకముందు కంపెనీ సైట్‌లో ఆ మోడల్ వారంటీ అమెరికాలో చెల్లుతుందో లేదో నువ్వే చదువు, షాపువాణ్ణి అడగకు. దొంగ విండోస్, దొంగ ఆటోక్యాడ్ వేసిస్తానంటే వద్దను. ఆటోడెస్క్ విద్యార్థులకి రెవిట్‌తో సహా ఊరికే ఇస్తుంది, ఏడాదికోసారి రెన్యువల్ చేసుకోవాలి అంతే.

ఖమ్మం నుంచి

అందరికీ థాంక్స్. లోన్ జూన్‌లోనే శాంక్షన్ అయిపోయింది, ల్యాప్‌టాప్ అందులో లేదు. పాతదే తెస్తాను. నాన్న రేపే సీటీసీకి బయల్దేరుతున్నారు. స్టూడెంట్ ధర కావాలంటే యూనివర్సిటీ మెయిల్ ఉండాలి కదా, అది వచ్చాకే ఇస్తారా? నా దగ్గర ఫారెక్స్ కార్డు తప్ప ఏమీ లేదు. ఇంకోటి, ఇక్కడి చార్జర్ అక్కడ కాలిపోతుందని అమ్మ భయం.

డెంటన్ నుంచి

మెయిల్ గురించి అడ్మిషన్ పోర్టల్‌లో చూడు. చాలా యూనివర్సిటీలు ముందే ఇస్తాయి, నువ్వు యాక్టివేట్ చేసుకోవాలంతే. ఫారెక్స్ కార్డుతో కొనొచ్చు. వాయిదాల్లో ఇస్తామని షాపులో అడుగుతారు, దానికి సాధారణంగా ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు), అప్పులు తీర్చిన రికార్డు అంటే క్రెడిట్ హిస్టరీ చూస్తారు. నీకింకా రెండూ లేవు. రూమ్మేట్ పేరు మీద తీసుకుందామనే ఆలోచన మాత్రం పెట్టుకోకు, స్నేహం చెడుతుంది.

అమ్మతో చెప్పు, చార్జర్ మీద 100 నుంచి 240 వోల్టులని రాసి ఉంటే ఏమీ కాదు, పిన్నుకి అడాప్టర్ పెడితే చాలు. ఇంట్లో ఉన్న స్పైక్ బస్టర్ మాత్రం తేవద్దు, మిక్సీ అసలే వద్దు. ల్యాప్‌టాప్, పవర్ బ్యాంక్ చేతి సంచిలో పెట్టుకో. పవర్ బ్యాంక్ చెక్-ఇన్‌లో వేస్తే ఎయిర్‌పోర్టులోనే సూట్‌కేసు విప్పిస్తారు, అమ్మ కట్టిన పచ్చడి ప్యాకింగంతా ఊడుతుంది.

డాలస్ ఎయిర్‌పోర్టు డీఎఫ్‌డబ్ల్యూలో ఏ రోజు ఎన్నింటికి దిగుతున్నావో రాయి. శని, ఆదివారాలైతే నేను రాగలను.