కింద పడ్డ ప్రత్యర్థి కోసం ఆగాలా? టూర్ డి ఫ్రాన్స్‌లో రాయని నియమంపై చర్చ

ఎదురుగాలి:
టూర్ డి ఫ్రాన్స్ అంటే ఫ్రాన్స్‌లో మూడు వారాల పాటు దశలుగా సాగే సైకిల్ పందెం. ప్రధాన పోటీదారు కింద పడితే ప్రత్యర్థులు ఆగాలన్నది అందులో రాయని నియమం. 2025 టూర్ పదకొండో దశలో, టులూజ్ గమ్యం మరికొన్ని కిలోమీటర్లు ఉందనగా, తడే పోగాచార్ మరో రైడర్ చక్రానికి తగిలి కింద పడ్డాడు. యోనాస్ వింగెగార్డ్‌తో సహా ముందున్న ప్రధాన పోటీదారులు వేగం తగ్గించి, అతడు వచ్చి కలిసేదాకా వేచి ఉన్నారు. మరునాడే ఓటకామ్ కొండ మీద పోగాచార్ వారందరినీ వదిలేసి, వింగెగార్డ్ కంటే 2 నిమిషాల 10 సెకన్లు ముందుగా గమ్యం చేరాడు. చివరికి ఆ టూర్ కూడా అతడిదే అయింది.

టులూజ్‌లో వాళ్లు ఆగి ఉండకూడదన్నది నా అభిప్రాయం. గుంపులో ఎక్కడ ఉండాలి, ఎవరి చక్రానికి ఎంత దగ్గరగా తొక్కాలి అన్నవి కూడా మూడు వారాల పోటీలో పరీక్షకు వచ్చే నైపుణ్యాలే. కొండ మీద ముగియని దశల్లో సాధారణంగా చివరి మూడు కిలోమీటర్లలో ఎవరైనా పడితే, అప్పటిదాకా తాను ఉన్న గుంపు సమయాన్నే అతడికీ ఇవ్వాలని నియమావళి చెబుతోంది. ఎక్కడి నుంచి రక్షణ ఇవ్వాలో నిర్వాహకులే గీత గీసి పెట్టినప్పుడు, ఆ గీతను పోటీదారులు తమకు తోచినట్టు జరపడం దేనికి?

కొండమలుపు:
ఎదురుగాలి గారూ, మీరు చెప్పిన పద్ధతిలో వెళ్లినవాడు ఒకడున్నాడు. 2010 జులై 19న పిరనీస్‌లోని పోర్ట్ డి బాలెస్ ఎక్కుతుండగా, పసుపు జెర్సీలో ఉన్న, అంటే మొత్తం పోటీలో ముందున్న ఆండీ ష్లెక్ దాడికి (ప్రత్యర్థులను వదిలి ఒక్కసారిగా వేగం పెంచడానికి) లేచిన క్షణంలోనే అతడి సైకిల్ చైన్ తప్పింది. ఆల్బెర్టో కాంటడోర్ ఆగకుండా సాగిపోయి ఆ రోజు 39 సెకన్లు సంపాదించాడు. బహుమతి వేదిక మీదే జనం అతడిని ఈసడించారు. ఆ తరువాత అతడు వీడియోలో క్షమాపణ చెప్పుకున్నాడు. టూర్ ముగిసే పారిస్ చేరేసరికి ష్లెక్ మీద అతడి ఆధిక్యం సరిగ్గా ఆ 39 సెకన్లే. క్లెన్‌బ్యుటెరాల్ అనే నిషేధిత మందు కేసులో 2012లో ఆ విజయం రద్దయి ష్లెక్‌కు దక్కడం వేరే వ్యవహారం. రద్దు కాకపోయినా ఆ టూర్ పేరెత్తగానే ముందు గుర్తుకు వచ్చేది చైనే.

వింగెగార్డ్‌కు ఈ సంగతి బాగా తెలుసు. 2022 టూర్‌లో స్పాండెల్ కొండ దిగుడులో పోగాచార్ కంకరలో జారి పడినప్పుడు అతడు ఆగాడు, ఇద్దరూ చేయి కలిపారు, ఆ సాయంత్రం అతడే దశను గెలిచి టూర్‌ను ఖాయం చేసుకున్నాడు. ఆ విజయాన్ని ప్రశ్నించినవారు నాకు తెలిసి ఒక్కరూ లేరు.

రాళ్లబాట:
2022 ఉదాహరణ నుంచి కొండమలుపు గారు తీసిన అర్థంతో నేను ఏకీభవించలేను. ఆ రోజు బయలుదేరేటప్పటికే వింగెగార్డ్‌కు 2 నిమిషాల 18 సెకన్ల ఆధిక్యం ఉంది, పైగా ఓటకామ్ ఎక్కడానికి అతడి జట్టు సహచరులు సిద్ధంగా ఉన్నారు. ఆగడం వల్ల అతడికి పోయేది ఏమీ లేదు. ఏమీ పోనప్పుడు చూపే పెద్దమనసును ధర్మం అనడానికి నాకు మనసు రావడం లేదు.

ఈ ఆచారం ఎవరికి వర్తిస్తుందో, ఎవరికి వర్తించదో చూస్తే దాని స్వభావం తెలుస్తుంది. 2010లోనే, చైన్ ఘటనకు రెండు వారాల ముందు, స్పా పట్టణానికి వెళ్లే దశలో తడిసి జారుతున్న దిగుడు మీద ష్లెక్ సోదరులు ఆండీ, ఫ్రాంక్ సహా చాలామంది పడిపోయారు. పసుపు జెర్సీలో ఉన్న ఫాబియన్ కాన్సెలారా ముందుకు వచ్చి గుంపు మొత్తాన్ని నెమ్మదింపజేశాడు. తన జెర్సీని కూడా వదులుకున్నాడు. అందరూ మెచ్చుకున్నారు. ఆ మర్నాడే రాళ్లు పరిచిన దారి మీద ఫ్రాంక్ ష్లెక్ పడి కాలర్ ఎముక విరిగింది, వెనకవాళ్లకు దారి మూసుకుపోయింది. అప్పుడు అదే కాన్సెలారా తన జట్టు నాయకుడు ఆండీని వెంటబెట్టుకుని శక్తి కొద్దీ తొక్కాడు. వెనకబడ్డవారిలో కాంటడోర్ ఉన్నాడు. ఇరవై నాలుగు గంటల్లో ధర్మం మారలేదు, లాభం ఎవరిదన్నదే మారింది. ఫ్రాన్స్‌లోనే జరిగే మరో పందెం పారిస్-నీస్‌లో, 2021 చివరి రోజున ఆధిక్యంలో ఉన్న ప్రిమోజ్ రోగ్లిచ్ రెండుసార్లు పడ్డాడు. ప్రత్యర్థులు ఆగలేదు, పోటీ చేజారింది. ముందురోజు అతడు గీనో మేడర్‌ను గీత దగ్గర దాటేసి దశ గెలిచాడు కనుక తగిన శాస్తే అన్నవారూ ఉన్నారు. దశ గెలవడం ఎప్పటి నుంచి నేరమైందో నాకు అర్థం కాలేదు.

ఇంకొక మాట. టులూజ్ దశలో పసుపు జెర్సీ వేసుకున్నది పోగాచార్ కాదు, బెన్ హీలీ. జెర్సీ గౌరవం కోసం ఆగారని చెప్పుకునే వీలు కూడా అక్కడ లేదు.

చివరి కిలోమీటరు:
2003 టూర్‌లో లూజ్ ఆర్డిడెన్ కొండ మీద జరిగినదాన్ని ఎవరూ ఎత్తలేదే! ప్రేక్షకుడి సంచి తగిలి లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ పడ్డాడు, తక్కినవారిని నెమ్మదించమని టైలర్ హామిల్టన్ సైగ చేశాడు, యాన్ ఉల్రిచ్ వేచి ఉన్నాడు, లేచిన ఆర్మ్‌స్ట్రాంగ్ వెంటనే దాడి చేసి దశను గెలిచాడు. చాలా ఏళ్లు దాన్ని క్రీడాస్ఫూర్తికి పరాకాష్ఠగా చూపించారు. తరువాతి కాలంలో ఆ ముగ్గురూ డోపింగ్ చేసినట్టు ఒప్పుకున్నారు. రాసి ఉన్న నియమాలను గాలికి వదిలినవారు రాయని నియమాన్ని అంత శ్రద్ధగా పాటించడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

ఎదురుగాలి:
ప్రేక్షకుడి సంచి, రోడ్డు మీద నూనె, అడ్డొచ్చిన మోటారు సైకిల్: వీటి వల్ల పడినవాడి కోసం ఆగితే నాకు అభ్యంతరం లేదు. తానుగా దాడి చేస్తూ గేర్ మార్చిన క్షణంలో చైన్ తప్పితే అది పోటీలో భాగమే. అందుకే కాంటడోర్ క్షమాపణ అనవసరమని నేటికీ అంటాను. 2017లో ఇటలీ పందెం జిరో డి ఇటాలియాలో టామ్ డ్యుమొలాన్ కడుపు నొప్పితో దారి పక్కన ఆగాల్సి వచ్చినప్పుడు ప్రత్యర్థులు సాగిపోయారు. అక్కడ ఆధిక్యానికి గుర్తైన గులాబీ జెర్సీలో ఉన్నవాడు రెండు నిమిషాలకు పైగా కోల్పోయాడు. అయినా ఆ జిరో అతడే గెలిచాడు.

రాళ్లబాట:
కారణాన్ని బట్టి తీర్పు చెప్పాలంటే, కారణం ఏమిటో గంటకు యాభై కిలోమీటర్ల వేగంలో ఎవరు తేల్చాలి? నా ప్రశ్న సూటిగానే ఉంది. టులూజ్‌లో పడింది పదిహేనో స్థానంలోని రైడర్ అయితే ఎవరైనా వేగం తగ్గించేవారా?

కొండమలుపు:
తగ్గించేవారు కారు, తగ్గించనక్కరలేదు కూడా. అతడి పతనం వల్ల లాభపడేది పదహారోవాడు. గుంపును ఆపే శక్తి పదహారోవాడికి లేదు. వింగెగార్డ్‌కు ఆ శక్తీ ఉంది, లాభమూ ఉంది. 2022 లాగా ఆధిక్యంలో ఉండి కాదు, ఈసారి అతడు పోగాచార్ కంటే వెనక ఉండి ఆగాడు. రాళ్లబాట గారి లెక్కలో ఈ ఒక్కటి ఎక్కడ ఇముడుతుందో చెప్పాలి.