అప్‌డేట్: మోర్మన్లు వసంతం దాకా ఎందుకు ఆగలేదు?

మోర్మన్లు (అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ వాళ్లు) అక్కడి ఇల్లినాయ్‌లోని నావూ ఊరిని గడ్డకట్టే చలిలో ఎందుకు వదిలారని పోయిన వారం అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. నాకు అర్థమైంది ఇదీ.

1844 జూన్ 27న కార్తేజ్ జైల్లో వాళ్ల మత స్థాపకుడు జోసెఫ్ స్మిత్‌ని మూక చంపేసింది. మరుసటి జనవరిలో ఊరికి స్వపరిపాలన హక్కులిచ్చిన చార్టర్ రద్దయింది. ఇక ఆ ఊరికి దిక్కెవరు? 1846 వసంతంలో వెళ్లిపోతామని ఒప్పుకున్నారు కూడా. కానీ స్మిత్ తర్వాత నాయకుడైన బ్రిగమ్ యంగ్ మీద అరెస్టు వారెంట్లు, సైన్యం వస్తోందన్న పుకార్లు. దాంతో ఫిబ్రవరి 4నే మొదటి బళ్లు మిసిసిపీ దాటాయి. మొదట పడవల మీద, నెలాఖరుకి గడ్డకట్టిన నది మీదుగానే! నది అవతల అయోవా బురదలోనే నెలలు గడిచాయి.

అన్నిటికన్నా నన్ను కట్టిపడేసింది విలియం క్లేటన్ సంగతి. 1847లో పడమటికి సాగిన ప్రయాణంలో, ఎంత దూరం వచ్చారో కొలవడానికి ఈయన బండి చక్రానికి ఎర్రగుడ్డ కట్టి, పక్కనే నడుస్తూ చుట్లు లెక్కపెట్టేవాడట. 360 చుట్లకి ఒక మైలు. రోజంతా అదే పని! ఎవరికైనా విసుగు రాదూ? చివరికి చెక్క పళ్లచక్రాలతో లెక్కయంత్రం చేయించారు. జూలై 24న బ్రిగమ్ యంగ్ వాళ్లు స్థిరపడిన సాల్ట్ లేక్ లోయకి చేరాడు.