పేటెంట్లు లెక్కబెడితే ఒక జిల్లా తెలివి తెలుస్తుందా?

ప్రశ్న (ఆలేరు అమ్మాయి)

ఎం.ఏ. ఎకనామిక్స్ ప్రాజెక్టు చేస్తున్నాను. ఏ జిల్లాలో కొత్త ఆవిష్కరణలు ఎక్కువో పేటెంట్ల సంఖ్యతో చూపించాలి. పేటెంట్ ఆఫీసు వార్షిక నివేదికలో రాష్ట్రాల లెక్కే ఉంది. అందుకని ఒక్కో దరఖాస్తు తెరిచి, అడ్రసు చూసి ఎక్సెల్‌లో వేసుకుంటున్నా. అన్నీ హైదరాబాద్ చుట్టూనే కుప్ప పడుతున్నాయి. మా చేనేత ఊళ్ళ గడులు ఖాళీ. మా అమ్మమ్మ రోజంతా ఆసు పోసి (చీర నేసే ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో తిప్పడం) రాత్రి భుజానికి జండూబామ్ రాయించుకునేది. ఆ కష్టం తీర్చిన మిషన్ మా పక్కనే పుట్టింది. అలాంటి చోట తెలివి లేదని రాయడానికి నాకు చెయ్యి రావట్లేదు. ఏం చేయమంటారు?

జవాబు (పేటెంట్ ఏజెంట్, హైదరాబాద్)

అమ్మా, పదిహేనేళ్ళుగా ఈ కాయితాలే రాస్తున్నా. ముందు దరఖాస్తుదారు అడ్రసు వదిలేసి, ఆవిష్కర్త అడ్రసు తీసుకోండి. దరఖాస్తు పత్రమైన ఫారం 1లో రెండూ ఉంటాయి. ల్యాబ్ పటాన్‌చెరులో ఉన్నా, కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు బంజారాహిల్స్ అయితే పేటెంట్ అక్కడికే పోతుంది. నలుగురు ఆవిష్కర్తలుంటే తలా పావు వేయండి. కొన్ని కంపెనీలు ఆవిష్కర్త దగ్గర కూడా ఆఫీసు అడ్రసే రాస్తాయి, వాటిని విడిగా పెట్టండి.

రెండోది, దరఖాస్తుల సంఖ్యను నమ్మకండి. 2021లో విద్యాసంస్థలకు ఫీజు 80 శాతం తగ్గించారు. మంచి పనే. కానీ కాలేజీల ర్యాంకింగుల్లో పేటెంట్ ఇంకా రాకపోయినా, పబ్లిష్ అయిన దరఖాస్తుకు కూడా మార్కులున్నాయి. ఒకసారి ఒక కాలేజీ నుంచి ఫోన్: "సర్, నెలాఖరులోగా ఇరవై ఫైల్ చేయాలి, ఐడియాలు కూడా మీరే చూడండి." నేను చేయనన్నాను. చాలా బాధేసింది, ఎందుకంటే అదే వారం ఒక రైతు కలుపుతీసే పరికరం పట్టుకుని నా ఆఫీసుకు వచ్చి, ఖర్చు విని వెనక్కి వెళ్ళిపోయాడు. మీ ఎక్సెల్‌లో ఆ ఇరవై లాంటివి కనిపిస్తాయి, ఆ రైతు కనిపించడు.

అందుకే పరీక్షకు ఫారం 18 వేశారా, పేటెంట్ మంజూరు (గ్రాంట్) అయిందా, ఏటేటా రెన్యువల్ ఫీజు కడుతున్నారా చూడండి. పనికొస్తుందనుకుంటేనే ఎవరైనా జేబులోంచి డబ్బు తీస్తారు.

ఇంకొకటి. 2005 వరకు మందుకు పేటెంట్ లేదు, తయారుచేసే పద్ధతికే ఉండేది. కాబట్టి ఫార్మాలో ఆ ఏడాదికి ముందూ వెనకా ఉన్న అంకెల్ని ఒకే గీత మీద పెట్టకండి.

జవాబు (పెనుగొండ నుంచి)

మా నాన్న స్వర్ణ వరి వేసేవారు. మార్టేరు పరిశోధన స్థానంలో పుట్టిన ఆ రకం, ఎం.టి.యు. 7029, 1982లో విడుదలైంది. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి, బి.పి.టి. 5204, 1986ది. ఈ రెండూ ఎన్ని రాష్ట్రాల పొలాల్లో ఉన్నాయో ఏ విత్తనాల కొట్టులో అడిగినా చెబుతారు. కానీ మన చట్టం విత్తనానికి, వంగడానికి పేటెంట్ ఇవ్వదు. 2001 నాటి మొక్కల రకాల చట్టం కింద వేరే రిజిస్టర్ ఉంది. అది కలపకపోతే మీ లెక్కలో గోదావరి జిల్లాలకు అన్యాయం జరుగుతుంది.

ఆలేరు అమ్మాయి

విత్తనాల సంగతి నాకు తట్టనే లేదు, థాంక్సండీ. ఏజెంటు గారూ, ఆసు మిషన్‌ను ఏ గడిలో వేయాలి?

పేటెంట్ ఏజెంట్

మంచి ప్రశ్న. చింతకింది మల్లేశం గారు వాళ్ళమ్మ లక్ష్మి గారి చేతుల నొప్పి చూడలేక మొదలుపెట్టారు. ఒక చీరకు సుమారు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాలి. మిషన్ పనిచేసింది 1999లో, పేటెంట్ వచ్చింది 2011లో. పనిచేసిన రోజుకు వాళ్ళ ఊరు నల్గొండ జిల్లా, ఆంధ్రప్రదేశ్. ఇవాళ యాదాద్రి భువనగిరి, తెలంగాణ. బాపట్ల కూడా 2022 దాకా గుంటూరు జిల్లాలోనే ఉంది. కాబట్టి జిల్లా పేరుతో కాకుండా పిన్‌కోడ్‌తో పట్టుకోండి. ఏడాదికి గ్రాంట్ తేదీ వద్దు, మొదట ఫైల్ చేసిన తేదీ తీసుకోండి. అప్పుడు కూడా 1999కీ దానికీ మధ్య కొన్నేళ్ళు మిగులుతాయి. ఆ ఏళ్ళు ఎందుకు పట్టాయో ఒక పేజీ రాయండి. మీ అమ్మమ్మ గారిని అడిగి రాయండి.

ఆలేరు అమ్మాయి

ఆదివారం ఊరెళ్తున్నా. రికార్డర్ తీసుకెళ్తా.