గ్యాలన్ గ్యాస్ (పెట్రోల్) 5 డాలర్లు దాటింది: అమ్మానాన్నలతో ఆర్‌వీలో యెల్లోస్టోన్ వెళ్ళాలా, మానాలా?

ప్లేనో_నాన్న | 2022 జూన్ 24
అందరికీ నమస్తే. అమ్మానాన్న ఏప్రిల్‌లో వచ్చారు, సెప్టెంబర్‌లో వెళ్ళిపోతారు. జూలై 15 నుంచి 10 రోజులు యెల్లోస్టోన్ నేషనల్ పార్క్ ట్రిప్‌కి ఫిబ్రవరిలోనే 30 అడుగుల ఆర్‌వీ (మంచాలు, వంటగది, బాత్రూమ్ ఉన్న బండి) అద్దెకి బుక్ చేశాను. మేమిద్దరం, పిల్లలిద్దరు, అమ్మ, నాన్న. డాలస్ పక్కన మా ప్లేనో నుంచి వెళ్ళిరావడం, అక్కడ తిరగడం కలిపి 3,000 మైళ్ళు. బుక్ చేసినప్పుడు గ్యాలన్ మూడున్నర డాలర్ల లోపే ఉంది. ఈ నెల మధ్యలో దేశ సగటు 5 దాటింది. మైలేజ్ గ్యాలన్‌కి 8 నుంచి 10 మైళ్ళు అంటున్నారు, అంటే గ్యాస్‌కే 1,500 నుంచి 1,900 డాలర్లు. మా ఆవిడ కూడా "ఇంత గ్యాస్ పోసుకుని వెళ్ళడం అవసరమా" అంటోంది. వరదల తర్వాత పార్కు దక్షిణపు లూప్ 22న తెరిచారు కాబట్టి పార్కు గురించి నాకు బెంగ లేదు. నా ప్రశ్న ఖర్చు గురించే. జూన్ 30 లోపు క్యాన్సిల్ చేస్తే డిపాజిట్ వెనక్కి వస్తుంది. మీరైతే ఏం చేస్తారు?

గేర్‌బాక్స్ | జూన్ 24
బ్రదర్, 8 అని ఎవరు చెప్పారు మీకు? నేను నాలుగుసార్లు ఆర్‌వీ తీసుకున్నాను. రెండో ట్రిప్ నుంచి ప్రతి ఫిల్లింగ్ పుస్తకంలో రాసిపెట్టాను. 62 మైళ్ళ వేగం దగ్గర క్రూయిజ్ పెట్టి వదిలేస్తే 9.8 వచ్చింది. జనం 75లో తోలి, తర్వాత బండిని తిడతారు. బీరువా లాంటి బండి అది, గాలిని నెట్టుకుంటూ పోవాలి. టైర్లలో గాలి పొద్దున్నే, బండి కదలకముందే చూసుకోండి. నీళ్ళ ట్యాంక్ డాలస్‌లో నింపుకుని 1,300 మైళ్ళు మోసుకెళ్ళకండి, గ్యాలన్ నీళ్ళు 8 పౌన్ల పైమాటే. క్యాంప్‌గ్రౌండ్ దగ్గరకొచ్చాక నింపుకోండి.

10 వస్తే 300 గ్యాలన్లు, 1,500 డాలర్లు. పోయినేడు గ్యాలన్ 3 ఉన్నప్పుడు ఇదే ట్రిప్ 900. పెరిగింది 600. ఆరుగురు, పది రోజులు: మనిషికి రోజుకి 10 డాలర్లు. దీనికోసం క్యాన్సిల్ చేసుకుంటారా? హోటల్ అయితే రెండు రూములు కావాలి, సీజన్‌లో పార్కు దగ్గర ఒక్కోటి 300 తక్కువకి నాకెప్పుడూ దొరకలేదు. ఆర్‌వీలో అయితే మన వంట మనం వండుకుంటాం. రూము, తిండి రెండు ఖర్చులూ మిగులుతాయి.

తులసికోట | జూన్ 24
రెంటల్ కాంట్రాక్ట్‌లో మైళ్ళ సంగతి చూశారా?

ప్లేనో_నాన్న | జూన్ 24
చూశానండీ. రోజుకి 150 ఫ్రీ. ఆపైన మైలుకి 35 సెంట్లు.

తులసికోట | జూన్ 24
అయితే 1,500 మైళ్ళకి అదనంగా కట్టాలి, 525 డాలర్లు. జనరేటర్ కూడా అదే ట్యాంకులోంచి తాగుతుంది, ఏసీ వేస్తే గంటకి అర గ్యాలన్ అవుతుంది. మినీవ్యాన్‌కి 25 మైలేజ్ వేసుకున్నా 120 గ్యాలన్లు, 600 డాలర్లతో పోతుంది. మీ ఆవిడ అన్నది నిజం. అవసరం లేదు.

గేర్‌బాక్స్ | జూన్ 24
525 గ్యాస్ ఖర్చు కాదు కదండీ. ఆయన అడిగింది గ్యాస్. గ్యాస్ 3 ఉన్నా ఆ 525 కట్టాల్సిందే. మైలేజ్ 9.8 అన్నదానికి జవాబు చెప్పండి.

పాలమూరు_పిల్లోడు | జూన్ 25
9.8 మర్చిపో అన్నా. వయోమింగ్‌లో ఐ-80 హైవే ఎక్కి చూడు. లారమీ నుంచి రాలిన్స్ దాకా ఎదురుగాలి కొట్టింది, స్టీరింగ్ రెండు చేతులతో గట్టిగ పట్టుకుంటేనే బండి లైన్ల ఉంది. ఆ ట్యాంకుకి నాకు 6.5 వచ్చింది.

గేర్‌బాక్స్ | జూన్ 25
ఒక్క ట్యాంకు చూసి చెప్పకు తమ్ముడూ. మూడు ట్రిప్పులు పుస్తకంలో రాసిపెట్టి చెప్తున్నాను నేను.

నల్లరేగడి | జూన్ 25
మేం మొన్న మెమోరియల్ డే వీకెండ్‌కి గ్రాండ్ కాన్యన్ వెళ్ళొచ్చాం, ఆర్‌వీలోనే. లెక్కల్లో పడని సంగతొకటి చెప్తాను. 55 గ్యాలన్ల ట్యాంక్ కదా, మేమాగిన చోట పంపు 100 డాలర్ల దగ్గర ఆగిపోయింది. మళ్ళీ కార్డు పెట్టాను, మళ్ళీ 100. మూడోసారి కార్డు బ్యాంకు వాళ్ళు ఆపేశారు. నేను వాళ్ళతో ఫోన్‌లో మాట్లాడుతుంటే మావయ్యగారు కాళ్ళు చాపుకుందామని కిందకి దిగి, పంపు మీద అంకెలు చూస్తూ నిలబడ్డారు. చివరికి మొత్తం 230 అయింది. పెదాలతోనే లెక్క కట్టుకుని "దగ్గర దగ్గర పద్దెనిమిది వేలు" అన్నారు. ఊళ్ళో ఆయన నెల పెన్షన్ దానికన్నా ఎంతో ఎక్కువ కాదు.

అక్కణ్ణుంచి ప్రతి స్టాప్‌లో "ఎంతయింది బాబూ" అని అడగడమే. కాన్యన్ అంచున నిలబెట్టి ఫోటో తీస్తుంటే కూడా "ఇక తిరిగి పోదామా" అన్నారు. పెద్దవాళ్ళని పంపు దగ్గర దించకండి. నేను మనస్ఫూర్తిగా చెప్తున్నాను.

కోనసీమ_గాలి | జూన్ 25
ఈ లెక్కలన్నీ చదువుతుంటే నాకు కడుపు తరుక్కుపోతోంది. 2019లో నాన్న వచ్చినప్పుడు యెల్లోస్టోన్ చూపించమన్నారు. అది కూడా ఎలా, దారిలో పడుకుంటూ వెళ్ళే బండిలో. టీవీలో చూశారట. నేను ఖర్చు చూసి "వచ్చేసారి వెళ్దాం నాన్నా" అన్నాను. 2020లో రావడానికి వీల్లేకపోయింది. 2021 మేలో సెకండ్ వేవ్‌లో పోయారు. నా పాస్‌పోర్ట్‌లో అమెరికా వీసా స్టాంప్ లేదు, ఇండియా వెళ్తే ఇక్కడికి తిరిగి రాలేను. ఫోన్‌లో చూశాను అంతా.

ప్లేనో అన్నా, 600 పెరిగినా 1,600 పెరిగినా వెళ్ళండి. మీ నాన్నగారు వెనక మంచం మీద నడుం వాల్చుకుని కిటికీలోంచి కొండలు చూస్తూ రావాలి. బాత్రూమ్ కోసం ఎగ్జిట్లు వెతుక్కోనక్కర్లేదు. వ్యాన్‌లో రెండు రోజులు కాళ్ళు ముడుచుకుని కూర్చోగలరా ఆ వయసులో?

మిర్యాలగూడ_అక్క | జూన్ 25
సాల్ట్ లేక్ సిటీకి ఫ్లైట్‌లో పోయి అక్కడ ఆర్‌వీ తీసుకోండి. అక్కణ్ణుంచి వెస్ట్ యెల్లోస్టోన్ 320 మైళ్ళే.

ప్లేనో_నాన్న | జూన్ 25
అక్కా, ఆరు టికెట్లు చూశాను. గ్యాస్‌లో మిగిలేది వాటికే పోతోంది. కోనసీమ బ్రదర్, మీ మాట చదివాక క్యాన్సిల్ చేయాలంటే చెయ్యి రావట్లేదు. నాన్నకి షుగర్. బయట తిండి పడదు, వేళకి అన్నం ఉండాలి. ఆర్‌వీ అనుకున్నది అందుకే.

గేర్‌బాక్స్ | జూన్ 25
అదీ మాట. వంటిల్లు మన వెంటే ఉంటుంది. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పప్పు, రాత్రి చారు. రోజుకి 150 డాలర్ల తిండి ఖర్చు మిగిలితే పది రోజులకి 1,500. మీ గ్యాస్ మొత్తం దాంట్లోనే వచ్చేసింది.

తులసికోట | జూన్ 26
ఆ 1,500 ఎవరి చేతుల మీద మిగులుతుంది గేర్‌బాక్స్ గారూ?

కొన్నేళ్ళ క్రితం ఇదే పార్కుకి, ఇదే సైజు బండిలో ఎనిమిది మందిమి వెళ్ళాం. తొమ్మిది రోజులు. ఆ పొయ్యి మీద రెండు గిన్నెలు పక్కపక్కన పట్టవు. అక్కడ దాదాపు 8,000 అడుగుల ఎత్తు, నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి, అందుకే పప్పు తొందరగా ఉడకదు. మొదటి రాత్రి గంటసేపు నిలబడినా పలుకు పలుకుగానే ఉంది. రైస్ కుక్కర్ పెడదామంటే రాత్రి 8 దాటితే జనరేటర్ వేయనివ్వరు. పార్కు లోపల నీళ్ళు, కరెంటు, డ్రైనేజీ మూడూ ఉన్న చోటు ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కటే, అది మాకు దొరకలేదు. ఎనిమిది మంది అంట్లు తోమితే రెండో రోజుకి గ్రే ట్యాంక్ (వాడిన నీళ్ళు చేరే ట్యాంక్) నిండిపోయింది. తర్వాత బకెట్‌లో తోమాను, వంగి, కిందే.

ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీళ్ళ ఊట పొంగడం అందరూ చూశారు. నేను బండిలో మావయ్యగారికి చపాతీలు చేస్తున్నాను. గంటన్నర ఆగితే మళ్ళీ వస్తుందన్నారు. ఆగడానికి ఎవరికీ టైమ్ లేదు.

ఇంటికొచ్చాక అందరూ మా ఆయన గురించి అన్న మాట "పాపం, అన్ని మైళ్ళూ ఒక్కడే నడిపాడు" అని. గ్యాలన్ రూపాయి అయినా నేను ఆర్‌వీ ఎక్కను.

గేర్‌బాక్స్ | జూన్ 26
మీ ఇంటి గొడవ తెచ్చి ఇక్కడ పెడితే ఎలాగండీ? మీ వాళ్ళు సాయం చేయకపోతే అది ఆర్‌వీ తప్పా? నడపడం తేలికనుకుంటున్నారా? ఘాట్ రోడ్డు మీద 12,000 పౌన్ల బండి, వెనక పిల్లలు నిద్రపోతున్నారు, బ్రేకు వేడెక్కి వాసనొస్తుంటే నా ఒళ్ళు చల్లబడింది. నేనూ ఏ కొండా చూళ్ళేదు. రోడ్డు మీద తెల్ల గీత చూశాను. నాకెవరూ పాపం అనలేదు.

తులసికోట | జూన్ 26
ఆ మాట మొదటిరోజు ఎందుకు చెప్పలేదు మీరు? మూడు రోజులుగా 9.8 అంటున్నారు. ఆయన వంటిల్లు వెంట ఉంటుందని సంతోషిస్తున్నారు, ఆ వంటింట్లో ఎవరుంటారో ఒక్కరూ అడగలేదు. ప్లేనో గారూ, మీ ఆవిడ నిజంగా గ్యాస్ గురించే అంటున్నారా?

మోడరేటర్ | జూన్ 26
వ్యక్తిగతంగా వద్దు. విషయం మీద మాట్లాడండి.

కోనసీమ_గాలి | జూన్ 26
తులసి గారూ, మీ కష్టం అర్థమైంది. కానీ నాన్నకి ఇంకో వేసవి ఉంటుందో లేదో ఎవరికి తెలుసు? పది రోజులు సర్దుకోలేమా?

తులసికోట | జూన్ 26
మీ నాన్నగారి సంగతి చదివి నేనూ ఏడ్చాను తమ్ముడూ. అయినా చెప్తున్నా, "సర్దుకోలేమా" అన్నప్పుడు సర్దుకునేది ప్రతిసారీ ఒక్కరే.

ప్లేనో_నాన్న | జూన్ 28
రెండు రోజులు ఇటు రాలేదు, క్షమించండి. శనివారం నుంచి చదివినవన్నీ రాత్రి మా ఆవిడకి చదివి వినిపించాను, పిల్లలు పడుకున్నాక. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "గ్యాస్ అంటే మీరు వింటారని గ్యాస్ అన్నాను" అంది. వండలేనని అత్తయ్యగారి ముందు ఎలా చెప్పమంటారు అంది. ఫిబ్రవరిలో బుక్ చేసినప్పుడు నేను బండి ఫోటోలు చూపించానే తప్ప, నీకు ఇష్టమేనా అని అడగలేదు. అప్పుడు గ్యాస్ మూడున్నరే. అప్పుడు కూడా తనకి ఇష్టం లేదు.

అమ్మకి తెలిసి "నేను వండుతాలేరా" అంది. అది ఇంకా కష్టమంటోంది మా ఆవిడ.

గేర్‌బాక్స్ | జూన్ 28
తులసికోట గారూ, ఆదివారం గట్టిగా మాట్లాడాను, తప్పయింది. మొదటి ట్రిప్ అయ్యాక మా ఇంట్లో కూడా ఖర్చు ఎక్కువ అన్నారు. మైలేజ్ పెంచితే సరిపోతుందనుకుని ఆ పుస్తకం మొదలుపెట్టాను. 8.1 నుంచి 9.8కి తెచ్చాను. ఐదో ట్రిప్‌కి తను రానంది. పోయినేడు బుక్ చేసి, నేనే క్యాన్సిల్ చేశాను. గ్యాస్ వల్లే అని ఇక్కడ అందరికీ చెప్పాను.

కోనసీమ_గాలి | జూన్ 29
నేను ఇప్పటికీ ఆర్‌వీయే అంటాను అన్నా. పడుకుని వెళ్ళే బండి. వంట సంగతి మగవాళ్ళం చూసుకుంటే సరి.

ప్లేనో_నాన్న | జూన్ 29
క్యాన్సిల్ చేశాను. వెస్ట్ యెల్లోస్టోన్‌లో చిన్న వంటగది ఉన్న క్యాబిన్ ఐదు రాత్రులకి దొరికింది, ఖరీదెక్కువే. మా వ్యాన్‌లోనే వెళ్తాం, నాన్న కోసం రెండున్నర గంటలకోసారి ఆగుతూ, వెళ్ళేటప్పుడు రెండు రాత్రులు దారిలో. వంట రోజుకి ఒక్కపూట, నేను చేస్తాను. మా ఆవిడ చెయ్యి పెట్టనంది, పెట్టొద్దన్నాను. నాకు అన్నం, పప్పు, కోడిగుడ్డు పులుసు వచ్చు. ఆ ఎత్తులో నీళ్ళ కొలత ఎలా?

తులసికోట | జూన్ 29
ప్రెషర్ కుక్కర్ తప్పకుండా పట్టుకెళ్ళండి, అక్కడ మామూలు గిన్నెలో పప్పు తొందరగా ఉడకదు. అన్నానికి గ్లాసుకి పావు గ్లాసు నీళ్ళు ఎక్కువ పోసి చూడండి. పప్పు పొద్దున బయటికి వెళ్ళేటప్పుడే నానబెట్టి, ఇక్కడికన్నా రెండు విజిల్స్ ఎక్కువ రానివ్వండి.