ఆటమ్ ప్రోబ్‌లో ‘పునర్నిర్మాణం’ సరిపోతుందా?

ప్రశ్న: ఆటమ్ ప్రోబ్ టోమోగ్రఫీ (పదార్థంలో ఏ పరమాణువు ఎక్కడుందో త్రీడీలో చూపే పద్ధతి) మీద వ్యాసం రాస్తున్నాను. త్రీడీ రీకన్‌స్ట్రక్షన్‌ని ‘పరమాణు పునర్నిర్మాణం’ అనేశాను. ఎవరికైనా అభ్యంతరమా?

జవాబు: ‘పునః’ వరకు బాగానే ఉందండీ, పేచీ అంతా ‘నిర్మాణం’తోనే. బడి పుస్తకాల్లో ‘పరమాణు నిర్మాణం’ అంటే కేంద్రకం, ఎలక్ట్రాన్లు. చదివేవాళ్లు అటే పోతారు. ఇక్కడి సంగతి వేరు. మొన వ్యాసార్థం 50–100 నానోమీటర్లు ఉండేలా నమూనాని సూదిలా చెక్కి, బాగా చల్లబరిచి, వేల వోల్టులు పెట్టి, పరమాణువుల్ని ఒక్కొక్కటిగా అయాన్లుగా ఊడగొడతారు. డిటెక్టర్ మీద అయాను తగిలిన చోటు, ఆ పరమాణువు నమూనాలో పక్కలకి ఎక్కడుందో చెబుతుంది, ఎగిరొచ్చిన సమయం ఏ మూలకమో చెబుతుంది. లోతుని మాత్రం నేరుగా కొలిచేది ఏదీ లేదు! వచ్చిన వరసలో ఒక్కో అయానుకీ లోతు రవ్వంత పెంచుతూ పోవడమే. ఆ రవ్వంత ఎంతో తేల్చేవి పరమాణువు ఘనపరిమాణం, డిటెక్టర్ సామర్థ్యం, కనబడే వైశాల్యం. 1995లో ఫ్రాన్స్‌లోని రూఆన్ బృందం ప్రకటించిన ఈ పద్ధతే ఇప్పటికీ చాలావాటికి పునాది. అందుకే నా ఓటు ‘తిరిగి పేర్చడం’కి.

మరొకరు: ‘పునఃకల్పన’ అంటే ఇంకా నిజాయితీగా ఉంటుందేమో. మొన వ్యాసార్థాన్ని కూడా వోల్టేజీ నుంచి లెక్కగట్టేదే కదా. అందులో వాడే గుణకాలు మనం ఎంచుకునేవే.

జవాబు: ఎంచుకున్నా, సరిచూసుకునే దారి ఉంది. స్ఫటికం పొరల మధ్య దూరం ముందే తెలుసు. బొమ్మలో ఆ పొరలు కనబడితే, దూరం సరిపోయేదాకా గుణకాలు సవరిస్తారు. పొరలే కనబడని పదార్థమైతే మీ మాటకే బలం. ఇంకో చిక్కు: లోపల సులువుగా ఊడే పరమాణువుల ముద్ద ఉంటే, వాటి దారులు దగ్గరికి ముడుచుకుంటాయి. దాంతో అక్కడ లేనంత సాంద్రత ఉన్నట్టు కనిపిస్తుంది. పైగా మెరుగైన యంత్రాలు కూడా ఊడిన అయాన్లలో 80 శాతం దాకానే పట్టుకుంటాయి. అయినా ‘కల్పన’ అనగానే మనవాళ్లకి కథే గుర్తొస్తుంది, వద్దు.

ప్రశ్న అడిగినవారు: అయితే ‘పరమాణువుల త్రిమితీయ పేర్పు’ అని పెడతాను. టోమోగ్రఫీని ‘ఛేదచిత్రణ’ అనొచ్చా?

జవాబు: సీటీ స్కాన్‌కైతే సరే. ఇక్కడ అడ్డకోతల బొమ్మలు తీసి కలిపేది ఏమీ లేదు. టోమోగ్రఫీ అనే ఉంచేయండి.