బ్రుక్నర్ సింఫనీలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (విజయవాడ, సత్యనారాయణపురం):
పదేళ్లు వయొలిన్ నేర్చుకున్నాను. కర్ణాటక సంగీతం తప్ప వేరేది చెవికెక్కదనుకునేదాన్ని. మొన్న రాత్రి ఆస్ట్రియా స్వరకర్త బ్రుక్నర్ ఎనిమిదో సింఫనీ పెట్టాను, పెద్ద వాద్యబృందం వాయించే నాలుగు భాగాల రచన. గంటా ఇరవై నిమిషాలు! చివరి భాగానికి నిద్ర పట్టేసింది. కానీ మూడో భాగంలో హార్పులు వచ్చిన చోటు నన్ను వదలడం లేదు. ఇంకేది వినను?

జవాబు (గుంటూరు, బ్రాడీపేట):
ఏడోది వినండమ్మా. 1884లో లైప్‌జిగ్‌లో మొదటిసారి వాయించారు, అప్పటికి ఆయనకు అరవై. వయొలిన్లు సన్నగా వణుకుతుంటే చెలోలు (వయొలిన్ కంటే పెద్దవి, మంద్రంగా పలికేవి) రాగం ఎత్తుకుని తాపీగా పైకి వెళ్తాయి. మొదటిసారి నాకా వణుకు వినపడనే లేదు, ఫ్యాను మోతలో కలిసిపోయింది. ఫ్యాను ఆపి, బనీను తడిసిపోతుంటే మళ్ళీ విన్నాను. మే నెల గుంటూరులో అది తపస్సే.

ఇంకో జవాబు:
ఏడులో రెండో భాగం వదలకండి. అది రాస్తుండగానే, 1883లో బ్రుక్నర్ ఆరాధించిన జర్మన్ స్వరకర్త వాగ్నర్ పోయాడు. చివర్లో వాగ్నర్ ట్యూబాలు (ఆయన తయారు చేయించిన ఇత్తడి బూరలు) నివాళి పలుకుతాయి. అంతకుముందు శిఖరం దగ్గర సింబల్స్ (పెద్ద కంచు తాళాలు) ఒక్కసారే మోగుతాయి. వాద్యబృందాన్ని నడిపించే కండక్టర్లు కొందరు అదీ తీసేస్తారు. నాకైతే మోగాల్సిందే.

ప్రశ్న అడిగినామె:
విన్నాను, ఫ్యాను ఆపే! కానీ బ్రుక్నర్ సంగీతం మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోతాడేంటి?

బ్రాడీపేట:
ఆస్ట్రియాలోని సెయింట్ ఫ్లోరియన్ మఠంలో పెద్ద పైపుల ఆర్గన్ వాయించిన మనిషి కదా. పెద్ద చర్చిలో మోత చల్లారేదాకా ఆగాలి. సమాధి కూడా ఆ ఆర్గన్ కిందే. ఈసారి నాలుగోది, పొద్దున్నే పెట్టండి, కొమ్ముబూరతో మొదలవుతుంది.